అత్తయ్య కోసం కమోడ్ మార్చిన 15 రోజులు

మా బాత్రూములో కమోడ్ పక్కన హెల్త్ ఫాసెట్ (నీళ్లు చిమ్మే చేతి షవరు) తగిలించే కొక్కెం ఊరికే కిందికి వంగిపోయేది. పిల్లలు లాగుతున్నారనుకుని రెండుసార్లు నేనే సరిచేశాను. మూడోసారి సరిచేస్తుంటే అత్తయ్య వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. "పిల్లల్ని ఏమీ అనకమ్మా. లేచేటప్పుడు నేనే దాన్ని పట్టుకుంటున్నాను. కూర్చుంటే కమోడ్ కిందికి దిగుతున్నట్టు ఉంటోంది" అన్నారు.

ఎప్పటి నుంచని అడిగితే రెండు నెలలన్నారు. ఆమెకు 74 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. రెండు నెలలుగా ఆ భయంతోనే లోపలికి వెళ్లి వస్తున్నారు. ఇలాంటి మాట కొడుకుతో ఎలా చెప్పాలి, కోడలి చేత ఖర్చెందుకు పెట్టించాలి అనుకుని ఊరుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో పెద్దవాళ్లకు మందులు వేళకు ఇస్తున్నామా, అన్నం మెత్తగా వండుతున్నామా అని చూసుకుంటాం గానీ, రోజుకు ఆరేడుసార్లు వాళ్లు ఒంటరిగా వెళ్లే ఆ గదిలో ఏం జరుగుతోందో అడగం. నేనూ అడగలేదు.

మాది బెంగళూరు జె.పి. నగర్‌లో మామయ్య 1997లో కట్టించిన ఇల్లు. కింది భాగంలో మేముంటాం. అప్పట్లో నేలకు తగలకుండా గోడకు బిగించే కమోడ్ కొత్త. కింద శుభ్రంగా తుడుచుకోవచ్చని మామయ్య ఏరికోరి లేత ఆకుపచ్చ రంగుది తెచ్చి పెట్టించారట. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. దాన్ని తీసేయాలంటే అత్తయ్యకు మనసొప్పకపోవడానికి అదీ ఒక కారణమని నాకు తర్వాత అర్థమైంది.

మరునాడు పెన్సిల్ తీసుకుని, కమోడ్ పై అంచు గోడను తాకే చోట టైలు మీద సన్నని గీత గీశాను. మావారిని కూర్చోమన్నాను. గీతకూ అంచుకూ మధ్య మూడు మిల్లీమీటర్ల సందు వచ్చింది. ఆయన లేవగానే అంచు మళ్లీ గీత దగ్గరికి చేరింది. టార్చి వేసి వెనుక చూస్తే తెల్ల సిమెంటు పూత పగిలి ఉంది. పగులు నుంచి టీ డికాక్షన్ రంగులో తుప్పు చార కిందికి కారింది. అప్పుడు ఇంకో సంగతి గుర్తుకొచ్చింది. ఆ గోడకు అవతల అత్తయ్య పడకగది. మంచం తలాపు వైపు పెయింటు ఏడాదిగా ఉబ్బుతోంది. వానాకాలపు చెమ్మ అనుకుని రెండుసార్లు లప్పం పెట్టించాం. ఇవతలి జబ్బుకు అవతల మందు వేశామన్నమాట.

మొదట వచ్చిన ప్లంబరు ఐదు నిమిషాలు చూసి, పగుల్లో కొత్తగా తెల్ల సిమెంటు నింపి కమోడ్ కింద నాలుగు ఇటుకలు పేరుస్తానన్నాడు. 800 రూపాయలు చాలన్నాడు. ఇది చాలా ఇళ్లలో చేసే పనే, నేనూ చూశాను. కానీ గోడ మీద ఆనడానికి తయారైన పింగాణీకి కింద ఒక్కచోట ఇటుక గుచ్చుకుంటే బరువంతా అక్కడే పడుతుంది. పింగాణీ ఇనుములా వంగదు, ఒక్కసారిగా పగులుతుంది. పగిలిన అంచు కత్తికన్నా పదును. కూర్చున్న మనిషి కింద అది పగిలితే ఏమవుతుందో ఊహించడానికే భయం వేసింది. వద్దని పంపేశాను.

రెండో ప్లంబరు ఒడిశాలోని కేంద్రాపడ జిల్లావాడు. మన నగరాల్లో ఎక్కడ చూసినా ప్లంబర్లలో ఆ జిల్లావాళ్లు కనిపిస్తారు, అక్కడ అది తరాలుగా నేర్చుకునే పని. అతను కమోడ్ వైపు ముందు చూడనేలేదు. పడకగదిలోకి వెళ్లి గోడను వేలి కణుపుతో కొట్టుకుంటూ వచ్చాడు. తలుపు పక్క ఖాళీలో టేపు పెట్టి గోడ మందం కొలిచాడు. నాలుగంగుళాలు. "కమోడ్ కొనే ముందు ఈ గోడ సంగతి చూడాలక్కా" అన్నాడు, వచ్చీరాని కన్నడంలో. ఆ ఒక్క మాటతో పని అతనికే ఇచ్చాను. ఇది రాస్తున్నది కూడా ఆ మాట కోసమే. కమోడ్ మార్చాలనగానే అందరం దుకాణానికి వెళ్లి ఆకారం, రంగు, ధర చూస్తాం. గోడకు బిగించే కమోడ్ విషయంలో బరువు మోసేది పింగాణీ కాదు, దాని వెనుక కనపడకుండా ఉన్నది. తొమ్మిదంగుళాల గట్టి ఇటుక గోడ అయితే ఒక దారి, నాలుగంగుళాల అడ్డుగోడ అయితే పూర్తిగా వేరే దారి.

నేల మీద ఆనించే కమోడ్ పెట్టేస్తే ఈ బెడదే ఉండదు కదా అని నేనూ అడిగాను. అతను కొలత చూపించాడు. మా పాత కమోడ్ మురుగు గొట్టం గోడలో నుంచి, నేలకు 23 సెంటీమీటర్ల ఎత్తులో పోతుంది. నేల మీద పెట్టే వాటిలో గోడ వైపు వదిలే రకానికి ఆ గొట్టం సాధారణంగా 18 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. మురుగు పల్లానికే పోవాలి గానీ ఎత్తుకు ఎక్కదు. కాబట్టి అదైనా గోడ పగలగొట్టక తప్పదు. ఎలాగూ పగలగొట్టేటప్పుడు, అత్తయ్య మోకాళ్లకు సరిపోయే ఎత్తులో పెట్టుకునే వీలు గోడ రకానికే ఉంది. బరువును నేలకు దింపే ఉక్కు చట్రం నిలబెట్టి, దానికి కమోడ్ బిగిస్తే ఈ గోడ మీద భారమే పడదన్నాడు. ఆ చట్రానికి అడుగున కాళ్లుంటాయి, వాటిని ఎత్తు పెంచి బిగించుకోవచ్చు. ఫ్లష్ ట్యాంకు కూడా చట్రంలోనే ఇమిడి వస్తుంది.

ఎంత ఎత్తు కావాలో తేల్చడానికి ఇల్లంతా తిరిగాం. అత్తయ్యను పిల్లల గదిలోని మంచం మీద కూర్చోబెట్టాం, అది 40 సెంటీమీటర్లు. రెండు చేతులూ ఆనించి గట్టిగా ఊపిరి పట్టి లేచారు. భోజనాల బల్ల కుర్చీ 45. ఒక చేత్తో బల్ల అంచు తాకి తేలిగ్గా లేచారు. దాని మీద దిండు వేసి 49 చేస్తే మడమలు నేలకు ఆనలేదు. మడమలు ఆనకపోతే ముందుకు తూలే ప్రమాదం. సీటుతో కలిపి 45 అని గోడ మీద రాసి పెట్టుకున్నాం. ఈ కొలత ఎవరి ఇంట్లో వాళ్లే తీసుకోవాలి, పుస్తకంలో చూసి రాసుకునేది కాదు. మా చిన్నవాడి కాళ్లు వేలాడతాయి, వాడికి చిన్న పీట వేస్తే సరిపోతుంది.

లాల్‌బాగ్ దగ్గరి సిద్దయ్య రోడ్డులో బాత్రూము సామాను దుకాణాలు వరసగా ఉంటాయి. ఒక శనివారం మొత్తం అక్కడే గడిపాను. గోడలో దాగి ఉండే ఫ్లష్ ట్యాంకు మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఏడాదికోసారైనా లోపలి వాల్వు పట్టేస్తుంది. అప్పుడు మళ్లీ టైల్స్ పగలగొట్టాలా? ఒక దుకాణంలో పెద్దాయన ఏమీ వాదించకుండా, ఎదురుగా నిలబెట్టిన చట్రానికి ఉన్న ఫ్లష్ మీటల పలకను ఊడదీశారు. దాని వెనుక కిటికీలాంటి ఖాళీలో నుంచి చెయ్యి పెట్టి నీళ్లు నింపే వాల్వును, కింద ఫ్లష్ వాల్వును బయటికి తీశారు. "ఇప్పుడు మీరు పెట్టండి" అని నా చేతికి ఇచ్చారు. రెండుసార్లు తప్పాను, మూడోసారి కుదిరింది. అప్పుడే కొన్నాను. ఇంట్లో ఎవరైనా ఇలాంటిది తీసుకుంటుంటే నేను చెప్పేది ఇదే: వాల్వు బయటికి ఎలా వస్తుందో చూపించమనండి, విడిభాగాలు విడిగా అమ్ముతారా అడగండి. రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి.

ఇంకో లెక్క కూడా వేసుకున్నాను. పాత ట్యాంకు నొక్కిన ప్రతిసారీ 10 లీటర్లు వదిలేది. కొత్తదానికి రెండు మీటలు, ఒకటి 6 లీటర్లు, ఇంకొకటి 3. ఇంట్లో ఐదుగురం. మనిషికి రోజుకు ఐదుసార్లనుకుంటే ఇప్పటిదాకా 250 లీటర్లు పోసేవాళ్లం. కొత్తదాంట్లో ఒకసారి పెద్ద మీట, నాలుగుసార్లు చిన్న మీట అనుకుంటే మనిషికి 18, మొత్తం 90. రోజుకు 160 లీటర్లు మిగులుతాయి. ఈ ఊరికి కావేరి నీళ్లు తొరెకాడనహళ్లి పంపింగ్ కేంద్రం నుంచి దాదాపు 100 కిలోమీటర్లు, అర కిలోమీటరు ఎత్తు ఎక్కి వస్తాయి. 2024 మార్చిలో మా వీధిలో బోర్లు ఎండి, ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడ్డ ఉదయాలు నేనింకా మరచిపోలేదు. అయితే ఒక జాగ్రత్త ఉంది. నీళ్లు మిగులుతాయని పాత కమోడ్‌కే చిన్న ట్యాంకు తగిలిస్తే పని జరగదు. ఆ పాత గిన్నె మలుపులు 10 లీటర్ల తోపుకు తయారైనవి. తక్కువ నీటికి సరిగా పోక, రెండుసార్లు నొక్కాల్సి వస్తుంది.

సోమవారం ఉదయం పని మొదలైంది. తాపీ పనికి కదిరి వైపు నుంచి వచ్చిన మేస్త్రి, అరవై దాటినాయన. ముందు యాంగిల్ కాక్ (ఫ్లష్‌కు నీళ్లు ఆపే చిన్న కుళాయి) మూయబోతే ఉప్పు పేరుకుని తిరగలేదు. మేడ మీది ట్యాంకు దగ్గరే నీళ్లు ఆపి, ఫ్లష్ ఖాళీ చేసి, గిన్నెలో నిలిచిన నీటిని మగ్గుతో, గుడ్డతో తోడారు. నట్లు తుప్పుకు కరిచి కూర్చున్నాయి. కిరోసిన్ పోసి గంట ఆగినా కదల్లేదు. గ్రైండరుతో కోయాల్సి వచ్చింది. మేస్త్రీ, ప్లంబరూ ఇద్దరూ పట్టుకుని దింపుతుంటే అత్తయ్య గుమ్మంలో నిలబడి చూశారు. ఏమీ అనలేదు. దాన్ని వరండాలో పెట్టాక దగ్గరికి వెళ్లి అంచు మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్లిపోయారు.

గోడ చూసి మేస్త్రి తల ఊపారు. రెండు ఇనుప కడ్డీలు, నాలుగంగుళాల గోడలో సిమెంటు ముద్దతో పాతినవి, అంతే. నేలకు ఆధారమే లేదు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకే చుట్టూ ఇటుకలు చిట్లాయి, పడకగది వైపు పెయింటు పొంగింది. కడ్డీ మధ్యలో ఒకచోట నా చిటికెన వేలంత కూడా మిగల్లేదు. దాన్ని ఒక కాగితంలో చుట్టి దాచాను, అనవసర ఖర్చేమో అన్న బంధువులకు చూపించడానికి. మురుగు గొట్టం లోపల ఇంకో దృశ్యం. అడుగున గవ్వ రంగులో గట్టి పొర, చెట్టు బెరడులా ఒకదాని మీద ఒకటి పేరుకుని, నాలుగంగుళాల గొట్టం అడుగు వైపు వేలు మందం పూడిపోయింది. ఎన్నోసార్లు నీళ్లు నెమ్మదిగా పోతున్నాయని మేం అనుకున్నది దీనివల్లే. కమోడ్, మురుగు గొట్టం కలిసే చోట అప్పట్లో సిమెంటుతో బిగించారు. కమోడ్ కదిలిన ప్రతిసారీ ఆ సిమెంటు చిట్లి, లోలోపల గోడకు చెమ్మ పట్టింది.

ఇక్కడే ఒక ప్రమాదం తప్పింది. పొర కరగడానికి కుర్రాడొకడు యాసిడ్ సీసా తెచ్చాడు. పొద్దున్నే వాసన పోవడానికి నేను అదే గొట్టంలో బ్లీచింగ్ పౌడరు చల్లి ఉన్నాను. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆ చిన్న బాత్రూములో అది పీల్చితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. నేను గట్టిగా అరిచి ఆపాను. తర్వాత నీళ్లు బాగా కొట్టి, యాసిడ్ లేకుండా ఉలితో, తీగ బ్రష్షుతోనే గీకారు. మూడు గంటలు పట్టింది. పట్టనీ. గీకడం అయ్యాక గొట్టం నోట్లో గోనెగుడ్డ, పాలిథీన్ కుక్కి మూశారు. కమోడ్ గిన్నెలో నిలిచే నీరే మురుగు వాయువును ఇంట్లోకి రాకుండా ఆపేది. కమోడ్ తీసేశాక ఆ అడ్డు ఉండదు కదా.

చట్రం కాళ్లు బిగించే చోట రెండు టైల్స్ తీసి చూస్తే, కింద అంగుళం సిమెంటు, దాని కింద వదులు ఇసుక, ఇటుక ముక్కలు. బోల్టు దిగుతుంది గానీ పట్టు ఉండదు. మేస్త్రి ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. "గుంజకు పునాది లేకుండా పందిరి నిలవదమ్మా" అని, అడుగు లోతు తవ్వించి, ఒక పాలు సిమెంటు, పాలున్నర ఇసుక, మూడు పాళ్లు కంకరతో దిమ్మె పోశారు. ఏడు రోజులు తడపమన్నారు. మూడు రోజులు చాలవా అని మావారు అడిగారు. కాంక్రీటుకు 28 రోజుల్లో వచ్చే బలంలో మూడింట రెండొంతులు మాత్రమే ఏడో రోజుకు వస్తుంది. అంతకన్నా ముందే దాంట్లో రంధ్రం వేసి బోల్టు బిగిస్తే అంచులు విరుగుతాయి. ఆ ఏడు రోజులూ గోనెపట్టాలు కప్పి, పొద్దునా సాయంత్రం నేనే నీళ్లు చల్లాను.

ఆ వారం అత్తయ్యకు కష్టమైంది. వెనుక ఉన్నది నేలబారు దొడ్డి, ఆమె అందులో కూర్చోలేరు. మందుల దుకాణంలో కమోడ్ కుర్చీ కొని పడకగది మూలలో పెట్టి, చీరతో తెర కట్టాను. మొదటి రోజు ఆమె నీళ్లు తాగడమే తగ్గించేశారు. రాత్రి పెదవులు ఎండి ఉంటే కనిపెట్టాను. పక్కన కూర్చుని, బకెట్టు ఎత్తి పోయడం నాకు కష్టం కాదని, నా చిన్నప్పుడు మా అమ్మమ్మకు మా అమ్మ చేసిందని చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మరునాటి నుంచి నీళ్లు మామూలుగా తాగారు. ఈ పని పెట్టుకునేవాళ్లు టైల్స్ కన్నా ముందు ఈ ఏర్పాటు ఆలోచించుకోవాలి.

ఎనిమిదో రోజు చట్రం నిలబెట్టారు. ప్లంబరు ముందుగా, వేయబోయే టైలు మందం కూడా కలుపుకుని, నేల నుంచి సరిగ్గా మీటరు ఎత్తులో గోడ మీద గీత గీశాడు. చట్రం మీద కూడా మీటరు గుర్తు ఉంటుంది. రెండూ కలిపి రసమట్టం పెట్టి చూశాక కాళ్లు బిగించాడు. పై కొసలు వెనుక గోడకు బిగించినా, అవి చట్రం ముందుకు ఒరగకుండా ఆపడానికే. బరువు మాత్రం కాళ్ల మీదుగా దిమ్మెలోకి దిగుతుంది. చిట్లిన ఇటుకలు తీసి కొత్తవి పెట్టారు. చట్రం చుట్టూ నాలుగడుగుల లోపు ఎత్తులో అరుగులాంటి చిన్న గోడ కట్టి, పైన నల్లరాయి పరిచారు. బాత్రూము ఆ మేరకు ఆరంగుళాలు తగ్గింది. టైల్స్ పని మామూలే, రెండు రోజుల్లో అయిపోయింది. మూడు రోజులు ఆరనిచ్చాం.

బిగించే రోజు ప్లంబరు తీరు చూసి నాకు ఎంతో సంతోషం కలిగింది. కమోడ్ వెనుక నీళ్లొచ్చే గొట్టం, మురుగు గొట్టం రెండింటినీ పెన్సిలుతో గుర్తుపెట్టి, కోసి, కోసిన అంచును ఆకురాయితో నునుపు చేశాడు. గరుకుగా ఉంటే రబ్బరు వలయం చిరుగుతుందన్నాడు. వలయానికి సబ్బు నీళ్లు రాశాడు. నూనె రాయమని కుర్రాడంటే, నూనెకు రబ్బరు పాడవుతుందని ఆపాడు. పింగాణీకీ టైలుకీ మధ్య పలుచని స్పాంజి పొర పెట్టాడు. నట్లు ఒకవైపే బిగించకుండా, కుడివైపు ఒక చుట్టు, ఎడమవైపు ఒక చుట్టు, మధ్యమధ్య రసమట్టం. చివర్లో పానా మీద బలం చూపించలేదు. అతిగా బిగిస్తే పింగాణీ ఆ రోజు కాకపోయినా మరో రోజు పగులుతుంది.

తర్వాత గిన్నె మీద మందపాటి చెక్క పలక వేసి, 50 కిలోల సిమెంటు బస్తాలు మూడు పెట్టించాను. మేస్త్రికి నవ్వొచ్చింది గానీ, తానే దగ్గరుండి పెట్టారు. అరగంట ఉంచాం. కొత్త టైలు మీద గీసిన పెన్సిల్ గీత, అంచు ఒకదాన్నొకటి విడవలేదు. పదిసార్లు ఫ్లష్ చేసి, కింద పాత వార్తాపత్రిక పరిచి చూశాం. కాగితం ఎక్కడా తడవలేదు. అప్పుడే అంచు చుట్టూ సిలికాన్ పూశారు. అడుగున నాలుగంగుళాల మేర మాత్రం పూయకుండా వదిలేయించాను. ఎప్పుడైనా లోపల కారితే నీళ్లు అక్కడి నుంచి బయటికి రావాలి, మాకు కనపడాలి. అంతా మూసేస్తే మళ్లీ పడకగది గోడ ఉబ్బేదాకా తెలియదు. కుడివైపు తొమ్మిదంగుళాల బయటి గోడకు, పట్టుకుని లేవడానికి స్టీలు పట్టుకొమ్మ బిగించారు. అత్తయ్య కూర్చుని చెయ్యి ఎక్కడికి చాపితే సుఖంగా అందుతుందో అక్కడే.

చట్రం 13,500, సీటుతో కలిపి కమోడ్ 8,200. టైల్స్, సిమెంటు, గొట్టాలు 6,400. కూలి 14,500. పట్టుకొమ్మ, కమోడ్ కుర్చీ 3,900. మొత్తం 46,500 రూపాయలు. మొదటి ప్లంబరు అడిగిన 800 ముందు ఇది పెద్ద మొత్తమే. ఇస్తున్నప్పుడు నాకు ఒక్క రూపాయి కూడా బరువనిపించలేదు.

పాత కమోడ్‌ను పగలగొట్టకుండా, రాళ్లూ రప్పలూ తీసుకెళ్లే టెంపోలో ఎక్కించాం. ఇంటి చెత్తతో కలపకూడదు, ఖాళీ స్థలంలో పారేయకూడదు. టెంపో కదిలేటప్పుడు అత్తయ్య గేటు దాకా వచ్చారు. "అది రాణిపేట ఫ్యాక్టరీలో తయారైందని చెప్పి, ఆయన ఎంతో గొప్పగా చూపించేవారు" అన్నారు. అంతసేపు మామయ్య గురించి ఆమె మాట్లాడింది ఆ ఒక్క మాటే.

మరునాడు ఉదయం ఐదున్నరకు బాత్రూము తలుపు తెరుచుకున్న చప్పుడు విని నేను లేచి కూర్చున్నాను. ఫ్లష్ చప్పుడు వచ్చింది, చిన్న మీట. తర్వాత అడుగుల చప్పుడు, తొందర లేకుండా. పగలు వెళ్లి చూస్తే పట్టుకొమ్మ మీద తడి చేతి గుర్తు ఉంది. హెల్త్ ఫాసెట్ కొక్కెం మాత్రం ఇంకా పాతదే, వంగినట్టే ఉంది. నట్లు మరోసారి చూసుకోవడానికి వచ్చే నెల ప్లంబరు వస్తానన్నాడు, అప్పుడు మార్పించాలి.